మూడిళ్ళకి మూడున్నర నిద్రలు

మార్చి 2

నిద్ర పుస్తకంలో రిమార్కుల గడి రెండు వేళ్ళ వెడల్పు కూడా ఉండదు. ప్రతి రోజూ అందులో ఏదో ఒకటి రాయాలని చట్టం. రెండు వేళ్ళ సందులో ఒక కుటుంబం సంగతంతా ఎలా పడుతుందనుకున్నారో ఆ మహానుభావులు! అందుకే నేను ఎడమ పక్క ఖాళీ పేజీ కూడా వాడుతున్నాను. ఏడాది చివర పుస్తకం తీసుకునేటప్పుడు నిద్రాఫీసు వాళ్ళు అభ్యంతరం చెబితే అప్పుడు చూసుకుందాం.

రాత్రి లెక్క. పెద్దిల్లు: మా అత్త పెంచలమ్మ, అయిదు గంటలు. రైలుకట్ట ఇల్లు: మా ఆయన మాలకొండయ్య, ఏడు గంటల ఇరవై నిమిషాలు. నిద్ర విషయంలో ఈ మనిషి ఏనాడూ నన్ను ఇబ్బంది పెట్టలేదు. సంత వీధి ఇల్లు: నేను, ఆరు గంటలు. నా పక్కన పాప వేదవల్లి, అర నిద్ర.

ఇంటికి రాత్రికి ఒక నిద్ర పడాలి. నాలుగు గంటలకు తగ్గకూడదు, సొంతవాళ్ళదో, అద్దెకున్నవాళ్ళదో అయ్యుండాలి. పన్నెండేళ్ళు నిండని పిల్లలది బస్సులో అర టిక్కెట్టులాగా అర నిద్ర. అంటే మా కుటుంబం మొత్తం మూడున్నర. మూడిళ్ళకి మూడు పోను అర మిగులు. అది ఎందుకూ కొరగాదు. రెండు అరలైతే ఒకటవుతుంది గదా అని మా ఆయన ఒకసారి అన్నాడు. ఇంకో అర కావాలంటే ఆయనా నేనూ ఒక ఇంట్లో పడుకోవాలి. దానికి చార్టులో చోటు లేదు. పద్నాలుగు నెలలుగా లేదు.

నేను డిపోలో డ్యూటీ చార్టు వేస్తాను. అరవై మంది డ్రైవర్లలో ఎవరు ఏ ఊళ్ళో నైట్ హాల్టు పడుకోవాలో ఇరవై రెండేళ్ళుగా నేనే రాస్తున్నాను. నలుగురిని మూడిళ్ళకి సర్దడం నాకొక లెక్కా?

మార్చి 9

పొద్దున్నే సంత వీధి ఇంటి గడప తుడుస్తున్నాను. గడపలో ఉన్న మీటరు కన్నుకి దుమ్ము పడితే మన నిద్ర దానికి కనబడదు. కిందటి ఏడు అలాగే రెండు నిద్రలు పోయాయి. అప్పటి నుంచి కొబ్బరి నూనె గుడ్డతో రోజూ తుడుస్తున్నాను.

ఒకావిడ వచ్చి నిలబడింది. నెత్తిన పరుపు చుట్ట, వెనకాల మొగుడూ ఇద్దరు పిల్లలూ. పేరు మస్తానమ్మట.

"అమ్మా, ఒక గది అద్దెకిస్తావా? కాంపులో ఉంటన్నాం. పిల్లలకి దగ్గు."

"అద్దెకి ఇవ్వడం లేదమ్మా."

"తెలుసులే. అడిగి చూద్దామని."

ఈ గుండ్లపాడులో ఎవరూ అద్దెకివ్వరు. బయటివాళ్ళు మూడొందల నిద్రలు చేస్తే ఇల్లు వాళ్ళదైపోతుంది. సముద్రం వచ్చి కోస్తా ఊళ్ళన్నీ తీసుకున్నాక పెట్టిన చట్టం ఇది. పడుకునేవాడిదే ఇల్లు. న్యాయమే. నేనూ ఆరేళ్ళప్పుడు ఆ నీళ్ళలోంచి వచ్చినదాన్నే. పదకొండేళ్ళు కాంపులో పెరిగాను. ఒక రేకుల షెడ్డు, నాలుగొందల మంది. ఆ షెడ్డులో పడుకుని నేను ఇళ్ళు లెక్క పెట్టుకునేదాన్ని. ఒకటి వస్తే చాలనుకున్నాను. ఒకటి వచ్చాక రెండోది ఎందుకు కావాలనిపించిందో నాకు తెలియదు. మూడోది మాత్రం మంచి రేటుకొచ్చింది.

మస్తానమ్మ వెళ్ళిపోయింది. గడప ఇంకోసారి తుడిచాను.

మార్చి 15

మా ఇంటి పద్ధతి రాసిపెడతాను, ఆఫీసు వాళ్ళకి పనికొస్తుంది.

సాయంత్రం ఏడున్నరకి నలుగురం పెద్దింట్లో అన్నం తింటాం. ఎనిమిదింబావుకి ఎవరి పొద్దుటి టిఫిను క్యారేజీ వాళ్ళు తీసుకుని ఎవరింటికి వాళ్ళు బయలుదేరతాం. నా జీతం రైలుకట్ట ఇంటి వాయిదాకి, ఆయన మోటార్ల వైండింగు షాపు మీద వచ్చేది సంత వీధి ఇంటి వాయిదాకి, అత్త పింఛను వంటింటికి. ఎక్కడా ఒక్క రూపాయి తేడా రాదు.

తేడా అంతా వస్తువుల్లోనే. కుక్కరు పెద్దింట్లో ఉంటే దాని వెయిటు సంత వీధిలో ఉంటుంది. పాప యూనిఫాం చొక్కా రైలుకట్టలో, లంగా పెద్దింట్లో. ఈ మధ్య ఎందుకో కుక్కరు వెయిటు ఏ రోజు ఎక్కడ కావాలో అక్కడే దొరుకుతోంది. నా చార్టు కుదురుకుంటోందన్నమాట.

రోజూ చెయ్యి కడుక్కుంటూ పాప అడుగుతుంది. "అమ్మా, ఇయ్యాల నేను ఏ ఇల్లు?"

చూసి చెబుతాను. సంచి భుజాన వేసుకుంటుంది. గొడవ చెయ్యదు, మారాం చెయ్యదు. మా డ్రైవర్లలో సగం మందికి ఈ పిల్ల బుద్ధి ఉంటే ఎంత బాగుండేదో!

మార్చి 21

పెద్దిల్లు: అత్త, మూడు గంటల నలభై నిమిషాలు. తప్పింది. ఈ నెలలో ఇది రెండోసారి.

"కళ్ళు మూసుకునే ఉండా గదమ్మే! నేను నిద్రపోయిందీ లేందీ ఆ కొయ్యకేం తెలుసు?" అంది అత్త.

"దానికి తెలుసత్తా. దాని పనే అది."

"మనుషుల్లేని ఇంట్లో నిద్రెట్టా పడద్ది? గోడల్ని చూస్తా పడుకోవాలా?"

జులై ఒకటి నుంచి జూన్ ఆఖరు దాకా ఏడాది. ఏడాదికి ఇంటికి పది నిద్రలు తప్పొచ్చు. పదకొండోది తప్పితే ఆ తెల్లారే ఇల్లు నిద్రాఫీసుది. ఇప్పటికి పెద్దిల్లు ఏడు. రైలుకట్ట తొమ్మిది, ఎందుకంటే కాలిపోయిన బోరు మోటార్ల కోసం రైతులు ఆయన్ని పక్క మీద నుంచి లేపుకుపోతుంటారు. సంత వీధి కూడా తొమ్మిది. ఇంకా మూడు నెలలు లాగాలి.

అత్తకి గసగసాల పాలు మొదలుపెట్టాను.

మార్చి 28

కుమ్మరి వీధిలో ఒక్క గది ఇల్లు అమ్మకానికొచ్చింది. ఒంటి మనిషి మాస్టారు, వేరే ఊరికి బదిలీ అయ్యాడు. అర్జంటు కాబట్టి సగానికి సగం రేటు. వచ్చే ఏడు కాలువ అటు నుంచే వస్తుంది. అప్పుడు ఇది అమ్మితే మిగతా రెండిళ్ళ వాయిదాలు తీరిపోతాయి. నాలుగుసార్లు లెక్క వేసి చూశాను, నాలుగుసార్లూ కుదిరింది.

నాలుగో ఇంటికి నాలుగో నిద్ర కావాలి. ఏప్రిల్ 19న పాపకి పన్నెండు నిండుతాయి. ఆ రోజు నుంచి అది ఫుల్లు. రిజిస్ట్రేషను ఆ రోజుకే పెట్టించి అడ్వాన్సు ఇచ్చేశాను. వెనక్కి రాదు. చార్టులో నాలుగో గడి గీశాను.

అన్నాల దగ్గర చెప్పాను. మా ఆయన ముద్ద చేతిలోనే పట్టుకున్నాడు.

"పాప ఒక్కతేనా?"

"వీధికో కాపలా కన్ను ఉంది. తలుపుకి రెండు గడియలున్నాయి. ఆ వయసుకి నేను కాంపులో ముక్కూ మొహం తెలియని నాలుగొందల మంది మధ్య పడుకున్నాను. నాకేమైంది?"

నీకేమైందో చెప్పమంటావా అన్నట్టు అత్త నా వంక చూసింది. తర్వాత అంది, "కొత్తింట్లో పాలు పొంగించినాక ఇంటిల్లిపాదీ మూడు నిద్రలు చెయ్యాల. ఆ తర్వాత నీ చార్టు ఏం చెప్తే అది చేసుకో."

"మూడు రాత్రులు అందరం అక్కడుంటే మిగతా మూడిళ్ళ గతేంటత్తా? రైలుకట్టా సంత వీధీ రెండూ పోతాయి."

"ఇల్లు నిన్ను ఎరగొద్దా? ఒక్క పిల్లని తోలితే అది ఇల్లెట్టవుద్ది?"

"పాలు పొంగిద్దాం. నిద్రలు కుదరవు."

పాప అన్నం తినడం ముగించి ప్లేటు తీసింది. "అయితే నేను ఫుల్లు అయినాక రోజూ ఒకే ఇల్లా?" అని అడిగింది.

"ఒకే ఇల్లు," అన్నాను.

"సరే," అంది.

ఏప్రిల్ 4

పుట్టినరోజుకి ఏం కావాలని పాపని అడిగాను.

"మేకు."

"ఏంటీ?"

"గోడకి మేకు. సంచి తగిలించుకోడానికి. ఏ ఇంట్లో అయినా సరే. మళ్ళీ మార్చగూడదు."

గోడకి మేకు కొడితే పెచ్చులూడతాయి, అమ్మేటప్పుడు అది చూపించి రేటు తగ్గిస్తారు. మా మూడిళ్ళలో ఒక్క గోడకీ మేకు లేదు. ఆ సంగతి పాపకి వివరంగా చెప్పాను. విన్నది. గౌను కొందామన్నాను. సరేనంది.

సాయంత్రం మా ఆయన చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో మేకు గుచ్చుకుంది. రెండంగుళాలది. మళ్ళీ ఉతికిన చొక్కా జేబులోనే పెట్టాను.

ఏప్రిల్ 13

సంత వీధి ఇల్లు: నిద్ర లేదు. పదోది తప్పింది.

తప్పు: నాది. నిన్న చార్టులో రైలుకట్ట గడిలో ఆయన పేరూ రాశాను, నా పేరూ రాశాను. సంత వీధి గడి ఖాళీ. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఇద్దరు డ్రైవర్లని ఒకే బస్సుకి వెయ్యలేదు నేను.

పాపని అత్త దగ్గర వదిలి రైలుకట్టకి పోయేసరికి ఆయన అక్కడే ఉన్నాడు. ఫోనులో చార్టు ఫోటో తీసి చూపించాడు.

"నీ చేత్తో రాసిందే గదా," అన్నాడు.

సంత వీధికి అక్కణ్ణుంచి నడిస్తే పది నిమిషాలు. టైము ఉంది. వెళ్ళొచ్చు. చార్టు అంటే చార్టేనని నేనే అందరికీ చెబుతాను కాబట్టి వెళ్ళలేదు. చాలా సేపు కబుర్లు చెప్పుకున్నాం. ఆయన గురక పెడతాడన్న సంగతి మర్చిపోయాను.

ఏప్రిల్ 19

పొద్దున రిజిస్ట్రేషను అయింది. నిద్రాఫీసు గుమస్తా పాప బొటనవేలు గడప కన్నుకి ఆనించి, కార్డు మీద 'ఫుల్లు' అని ముద్ర కొట్టాడు. పుట్టినరోజు శుభాకాంక్షలు కూడా చెప్పాడు, మంచివాడే. పాలు పొంగించాం.

సాయంత్రం పాపని నేనే కుమ్మరి వీధిలో దించి వచ్చాను. గడియలు రెండూ వేసి చూపించమన్నాను. వేసింది. లోపలి నుంచి "వేశానమ్మా" అంది. సంచి ఎక్కడ పెట్టుకున్నావంటే, "తల కింద" అంది.

పెద్దిల్లు అత్త, రైలుకట్ట ఆయన, సంత వీధి నేను, కుమ్మరి వీధి వేదవల్లి. నాలుగిళ్ళు, నాలుగు నిద్రలు. మిగులు లేదు, తరుగు లేదు. ఇది పడుకోబోయే ముందు రాస్తున్నాను.

ఏప్రిల్ 20

రాత్రి లెక్క. పెద్దిల్లు: లేదు. తప్పినవి ఎనిమిది. రైలుకట్ట: లేదు. పది. సంత వీధి: లేదు. పదకొండు. కుమ్మరి వీధి: నాలుగు ఫుల్లు నిద్రలు.

జరిగింది జరిగినట్టు రాస్తాను. నిన్న పడుకున్నాను. కాంపు గుర్తొచ్చింది. పన్నెండేళ్ళకి నేను నాలుగొందల మంది మధ్య పడుకున్నానని ఎన్నిసార్లు చెప్పుంటానో. ప్రతిసారీ ఒక మాట వదిలేశాను. ఆ నాలుగొందల మందిలో మా అమ్మ నా పక్కనే ఉండేది. ఆవిడ చెయ్యి నా పొట్ట మీద ఉండేది. అది లేకపోతే నాకు నిద్ర వచ్చేది కాదు. సిగ్గేసింది. లేచి చెప్పులు కూడా వేసుకోకుండా కుమ్మరి వీధికి పోయాను.

గడప ముందు చెప్పులున్నాయి. ఒక జత మా ఆయనవి. ఒక జత అత్తవి.

తలుపు తీసే ఉంది. ఆ ఒక్క గదిలో అత్త గోడ వారగా, పాప మధ్యలో, ఈ పక్క ఆయన. పాప నిద్రపోతోంది.

"తలుపెయ్యి, దోమలొస్తయ్," అంది అత్త.

పాపకీ ఆయనకీ మధ్య దూరి పడుకున్నాను. కళ్ళు తెరిచేసరికి ఏడున్నర. డిపోకి లేటు, మొదటిసారి. అత్త ఎనిమిది గంటలు నిద్రపోయింది, గసగసాలు లేకుండా. సంత వీధి ఇంటి స్వాధీనం నోటీసు అప్పటికే ఫోనులో ఉంది.

ఏప్రిల్ 21

రైలుకట్ట ఇల్లు పోయింది.

నిన్న సాయంత్రం చార్టు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆయన్ని పంపిస్తే రైలుకట్ట నిలబడుతుంది. అంతే, ఒక్క పేరు రాస్తే చాలు.

"ఒక నిద్ర చేసినాక మజ్జెలో వదల్రమ్మే. మూడూ చెయ్యాల," అంది అత్త.

"నువ్వు రాయి. పొమ్మంటే పోతా," అన్నాడు ఆయన. నిజంగానే పోతాడు. పద్నాలుగు నెలలు పోయిన మనిషే.

పెన్ను తీశాను. భయమేసింది. ఇల్లు పోతుందని కాదు, రాస్తే ఈయన లేచి క్యారేజీ పట్టుకుని వెళ్ళిపోతాడని. మూత పెట్టేశాను.

తెల్లారి నోటీసు చూసుకుని ఏడ్చాను. అది కూడా రాస్తున్నాను. ఆరేళ్ళు నా జీతం మొత్తం ఆ ఇంటికి పోశాను. ఏడుపు రాక ఏమొస్తుంది? పాలవాడు చూశాడు, చూడనీ.

ఏప్రిల్ 22

మూడు నిద్రలూ అయ్యాయి. పెద్దిల్లు సరిగ్గా పది దగ్గర ఆగింది. ఇప్పుడు మాకు రెండిళ్ళు, నాలుగు ఫుల్లు నిద్రలు.

మధ్యాహ్నం డిపోలో కొత్త చార్టు వేశాను. పెద్దింట్లో అత్తా పాపా, కుమ్మరి వీధిలో ఆయనా నేనూ. వారం తర్వాత మార్పిడి. ఎవరూ ఒంటరిగా ఉండరు. ఒకరికి జ్వరమొచ్చినా రెండోవారి నిద్ర ఉంటుంది. ఇరవై రెండేళ్ళలో ఇంత చక్కటి చార్టు వెయ్యలేదు. గీతలు కూడా స్కేలు పెట్టి గీశాను.

సాయంత్రం అన్నాలయ్యాక అందరికీ చూపించాను. ఆయన బావుందన్నాడు. అత్త కూడా తప్పు పట్టలేకపోయింది. పాప చెయ్యి కడుక్కుని, తడి చెయ్యి గౌనుకి తుడుచుకుంటూ వచ్చి చూసింది.

"బాగుందమ్మా," అంది. సంచి భుజాన వేసుకుంది. "అయితే ఇయ్యాల నేను ఏ ఇల్లు?"

గొంతులో ఏమీ లేదు. కోపం లేదు, దిగులు లేదు. నేను నేర్పించిన గొంతే అది. ఇన్నాళ్ళూ మంచి బుద్ధి అనుకున్నది అదే.

చార్టు నాలుగు మడతలు పెట్టి పొయ్యి గట్టు కింద తోశాను. "సంచి దించు," అన్నాను. దానికి అర్థం కాలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

తర్వాత కాంపుకి పోయి మస్తానమ్మ ఎక్కడుంటుందని అడిగాను. ఆవిడ నన్ను చూసి లేచి నిలబడింది.

"కుమ్మరి వీధిలో ఒక గది ఉంది. అద్దెకి."

"అద్దెకా? మూడొందల నిద్రలైతే మాదైపోద్ది, తెలుసునా నీకు?"

"నాకు తెలియకపోవడమేంటి! లెక్క వేశాను. మూడొందల రోజుల అద్దెకి నేను పెట్టిన దాంట్లో సగం వెనక్కి వస్తుంది. ఇదేమీ దానం కాదు. నెల నెలా అయిదో తారీకు లోపల ఇవ్వాలి."

"ఇస్తాం. నీకేందమ్మా దీంట్లో లాభం?"

"గడప కన్ను రోజూ కొబ్బరి నూనెతో తుడవాలి," అన్నాను. "అందరూ ఒక్కచోటే పడుకోండి, చిన్న గదే గానీ సరిపోతుంది. మేము చూశాం."

ఏప్రిల్ 23

రాత్రి లెక్క. కుమ్మరి వీధి: మస్తానమ్మ కుటుంబం, మొదటి నిద్ర. పెద్దిల్లు: పెంచలమ్మ ఏడు గంటలు, మాలకొండయ్య ఎనిమిది, వేదవల్లి తొమ్మిది, చెంచులక్ష్మి అనే నేను ఏడున్నర. ఒకటి చాలిన చోట నాలుగు. మూడు నిద్రలు వృథా.

పొద్దున మా ఆయన జేబులో చెయ్యి పెట్టి నా ముందు నిలబడ్డాడు. అడగడానికి భయం, పాపం. మేకు నేనే తీసుకుని, నేనే కొట్టాను. రోకలిబండతో, నడిమింటి గోడకి, పాప చేతికి అందేంత ఎత్తులో. అరచెయ్యంత పెచ్చు ఊడిపడింది. అమ్మేటప్పుడు కనబడుతుంది.

పాప సంచి బోర్లించింది. పళ్ళ బ్రష్షు, నాలుగిళ్ళ తాళాలు, ఒంటి మేజోడు, నా చార్టుకి చేత్తో రాసుకున్న నకలు. చివర్న చేతి రుమాల్లో మూటగట్టి కుక్కరు వెయిటు.

"ఇది నీ దగ్గర ఎందుకే?"

"నాయనమ్మకి ఏ ఇంట్లో కావాల్నో ముందే చూసుకుని తెచ్చేదాన్ని. లేకపోతే మీరు తిట్టుకుంటారు గదా."

వెయిటు తీసుకుపోయి కుక్కరు మీద పెట్టాను. కుదురుగా కూర్చుందో లేదో రెండుసార్లు తిప్పి చూశాను. తిరిగి వచ్చేసరికి ఖాళీ సంచి మేకుకి వేలాడుతోంది. పాప స్కూలుకి పుస్తకాలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇవాళ రిమార్కుల గడిలో రాసింది ఇది: అందరం ఇంట్లోనే ఉన్నాం.

గడి సరిపోయింది.